దీపం వెలిగించేదాకా ఉండండి

నేను తెరను. రెండు తెల్ల పంచెలను ఒకదాని కింద ఒకటి చేర్చి, అంచులు కలిపి ఈతముళ్లతో గుచ్చి, గుంజలకు బిగించి కడితే నేను పుడతాను. పైఅంచు కాస్త చూసేవాళ్ల వైపు వాలేలా కడతారు, బొమ్మ జారకుండా నా మీద ఆనుకుని నిలబడడానికి. తెల్లారాక ముళ్లు పీకి మడత పెడితే మళ్లీ ఉత్త పంచెలనే. అనంతపురం మెట్టసీమలో, ధర్మవరం మండలం నిమ్మలకుంటలో, తోలుబొమ్మలాట కుటుంబాల బొమ్మల పెట్టెలో నా చోటు. ఆత్మకథ అంటే పుట్టుక, పెంపకం, కష్టసుఖాలు వరసగా చెప్పుకోవాలి. నా బతుకులో చెప్పుకోదగ్గది ఒక్కటే పని: ఆడించేవాళ్లకూ చూసేవాళ్లకూ మధ్య నిలబడడం. ఆ పని తరతరాలుగా చేసినందువల్ల చూడడం అంటే ఏమిటో నాకు కొంత తెలుసు. బెంగళూరులో చదువుకో ఉద్యోగానికో వచ్చి ఉంటున్న పరదేశపు పిల్లలు శని, ఆదివారాల్లో మన సంస్కృతిని చూద్దామని ఈ మెట్ట మీదికి వస్తున్న రోజుల్లో ఆ తెలిసిన నాలుగు మాటలూ చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. వాళ్లు పరాయివాళ్లు కాబట్టి మన కళ వాళ్లకు అందదని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. అడ్డుపడేది వాళ్ల పరాయితనం కాదు, వాళ్ల తొందర. ఆ తొందరకు మనమూ సగం కారణం.

ముందు వాళ్ల దారి చూద్దాం. దేవనహళ్లి, చిక్కబళ్లాపురం, బాగేపల్లి దాటి 44వ నంబరు జాతీయ రహదారి మీద వస్తే కొడికొండ చెక్‌పోస్టు దగ్గర లేపాక్షి దారి చీలుతుంది. బెంగళూరు నుంచి 120 కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున్నే బయలుదేరితే టిఫిన్ల వేళకు గుడి ముందు ఉంటారు. ఏకశిల నంది చూస్తారు, వీరభద్రుని గుడిలో వేలాడే స్తంభం కింద నుంచి గుడ్డ దూర్చి అటు తీస్తారు, ఏడుపడగల నాగలింగం ముందు ఫొటో దిగుతారు. 2022లో ఈ గుడి యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాక ఈ రాకపోకలకు ఇంకాస్త ఊపు వచ్చింది. నాట్యమండపం కప్పు మీద అచ్యుతదేవరాయల కాలపు వర్ణచిత్రాలు ఉన్నాయి. పక్కకు తిరిగిన ముఖాలు, కొసదేరిన ముక్కులు, చెంపదాకా సాగిన కళ్లు, గళ్లు గళ్లుగా, పూలు పూలుగా నేసిన చీరలు. మెడ నొప్పి పుట్టేదాకా వాటిని చూసిన వాడికి మా బొమ్మల ముఖాలు కొత్తగా అనిపించవు, ఆ పోలిక అంత దగ్గరిది. కానీ ఆ కప్పు కింద నిలబడే వ్యవధి చాలామందికి ఉండదు. వాళ్లలో కొందరు ఇంకొంత ఉత్తరానికి వచ్చి నిమ్మలకుంటలో ఆగుతారు. తోలు మీద ఉలి ఆడడం చూస్తారు, ఒక దీపపు బుట్టో గోడకు తగిలించే హనుమంతుడో కొంటారు, పొద్దు వాలకముందే బండి ఎక్కుతారు. పొద్దు వాలాకే నా పని మొదలవుతుంది.

పగలు కనిపించేది చిన్న విషయం కాదు, దాన్ని నేను తక్కువ చేయను. మేకతోలును నానబెట్టి, రోమం గీకి, లాగి ఆరబెడితే పల్చని కొమ్ములాగా వెలుతురు దూరే పొర అవుతుంది. దాని మీద ఆకారం గీసి, ఉలితో సన్నని రంధ్రాలు కొడతారు. రంధ్రాలు వరసగా గుండ్రంగా పడితే హారం, నిలువుగా పడితే కిరీటపు అంచు, చీలికలుగా పడితే చీర కుచ్చెళ్లు. రెండు వైపులా రంగులు వేస్తారు, ఎందుకంటే బొమ్మకు వీపు ఉండదు, రెండు పక్కలా అదే ముఖం. నడుమ వెదురు బద్ద బిగిస్తారు. మోచేతులు, మణికట్టు, కొన్నింటికి మెడ, నడుము విడిగా కదిలేలా దారంతో కుడతారు. నిలబెడితే కొన్ని బొమ్మలు మనిషెత్తు ఉంటాయి. ఇంత పనీ పగటి వెలుతురులో చూస్తే మాత్రం రంగులు మందంగా, తోలు గోధుమగా, రంధ్రాలు ఉత్త రంధ్రాలుగా కనబడతాయి. చేతిలో పట్టుకున్న బొమ్మ ఒక పనివాడి ఓపికకు సాక్ష్యం. అది రాముడో రావణుడో పేరు చెబితే గాని తెలియదు.

రాత్రి దీపం నా వెనక్కి వచ్చినప్పుడు ఆ రంధ్రాలు ఎందుకు కొట్టారో తెలుస్తుంది. బొమ్మను నాకు ఆనించి పట్టుకుంటే తోలులోంచి వెలుగు దూరి ఎరుపు నిప్పులా, పచ్చ చిగురులా నా మీద పరుచుకుంటుంది. రంధ్రం ప్రతిదీ ఒక రవ్వ అవుతుంది. బొమ్మను వెనక్కి లాగితే అంచులు కరిగి, నీడ పెరిగి, రాక్షసుడు ఊరంత అవుతాడు. మళ్లీ ఆనిస్తే గీత గీసినట్టు తేలతాడు. ఆముదం దీపాల కాలంలో మంట ఊగితే బొమ్మ ఊపిరి పీల్చినట్టు ఉండేది. తర్వాత కిరసనాయిలు దీపం, పెట్రోమాక్స్ లైటు, కరెంటు బల్బు వచ్చాయి. దీపాలు ఎన్ని మారినా దీపానికీ బొమ్మకూ మధ్య ఉండే ఆ జానెడు దూరమే ఆటకు ప్రాణం. దానికి తోడు హార్మోనియం, మద్దెల, తాళాలు, యుద్ధం వచ్చినప్పుడు కాలికింద చెక్కపలకల దడదడ. ఆడించేవాళ్లే పాడతారు, పాడుతూనే వచనం చెబుతారు, ఆడవాళ్లు సీతకూ మండోదరికీ గొంతునిస్తారు. కథ బరువెక్కితే బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి ఊరి మాటల్లో నవ్వించి పోతారు. పాల్కురికి సోమన పండితారాధ్య చరిత్రలో ఈ ఆట ప్రస్తావన ఉందంటే ఇది కనీసం ఏడు వందల ఏళ్లకు పైబడిన సంగతి. ఇదంతా పగటిపూట కొన్న దీపపు బుట్టతో బెంగళూరు చేరదు.

పరాయివాడికి ఇదంతా ఎలా ఎక్కుతుంది అనే మాటకు ఇప్పుడు వస్తాను. దానికి మొదటి జవాబు నన్ను కట్టే చేతుల్లోనే ఉంది. ఈ ఆట ఆడే ఆరె కుటుంబాల పూర్వీకులు మహారాష్ట్రం నుంచి వచ్చినవాళ్లు. ఇవాళ్టికీ ఇంట్లో వాళ్ల మాట మరాఠీ యాసది. పొయ్యి దగ్గర ఒక భాష, నా వెనక ఇంకో భాష. నా వెనక నిలబడి వాళ్లు పాడేది పదమూడో శతాబ్దపు రంగనాథ రామాయణం, గోన బుద్ధారెడ్డి పేరు మీద ఉన్న ద్విపద కావ్యం, అచ్చంగా తెలుగు సొత్తు. వలస వచ్చిన మనుషులు ఈ నేల కావ్యాన్ని నోటికి నేర్చుకుని, ఈ నేల ఊళ్లకే తిరిగి వినిపించారు. ఎవరూ వాళ్లను మీరు తెలుగువాళ్లు కారు, మీకేం తెలుసు అనలేదు. వాళ్లలో ఒకరైన నిమ్మలకుంట దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు అది తెలుగు కళకు దక్కిన గౌరవంగానే అందరూ సంతోషించారు. కాబట్టి తెలుగు సంస్కృతి అనే ఇంటికి పుట్టుక ఒక్కటే వాకిలి అనేవాళ్లు ముందు ఈ కుటుంబాల కథకు సమాధానం చెప్పాలి. వాళ్లు లోపలివాళ్లు అయింది నిలిచి, విని, నేర్చుకుని, తిరిగి ఇవ్వడం వల్ల.

రెండో జవాబు తెలుగు నేలకు వచ్చిన దొరలూ దొరసానుల చరిత్రలో ఉంది. కలకత్తాలో పుట్టిన ఇంగ్లీషువాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మద్రాసు నగరానికి వచ్చి అక్కడ తెలుగు అక్షరాలు దిద్దాడు. ఇరవై రెండేళ్లు నిండకుండానే 1820లో కడపలో ఉద్యోగానికి దిగాడు. వేమన పద్యాలను సేకరించి 1829లో ఇంగ్లిషు అనువాదంతో అచ్చు వేయించాడు. సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తాటాకులకు ప్రతులు రాయించాడు. 1852లో నిఘంటువు వెలువరించాడు. మన కాలానికి దగ్గరగా, బొంబాయిలో విలేకరిగా పనిచేస్తున్న ఇంగ్లండు యువతి ఆన్ పెర్రీ 1969లో పేదల సేవకు పూనుకున్న విన్సెంట్ ఫెర్రర్‌తో పాటు అనంతపురం వచ్చింది. ఫెర్రర్ 2009లో కన్నుమూసినా ఆమె ఈ ఊరు విడిచి పోలేదు. పల్నాటి వీరుల కథను అలిశెట్టి గాలెయ్య నోట విని రాసుకున్న జీన్ రోఘైర్ 1982లో దాన్ని పుస్తకంగా తెచ్చాడు. మా తోలుబొమ్మలాట ప్రదర్శన తీరు మీదే జొనాథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ అనే అమెరికన్ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి 1984లో పరిశోధన గ్రంథం సమర్పించాడు. వీళ్ల దేశాలు వేరు, పనులు వేరు, ఉద్దేశాలు కూడా వేరు. అందరికీ ఉమ్మడిగా ఉన్నది ఒకటే, పని ఎంత కాలం అడిగితే అంత కాలం ఇచ్చారు. ఆట తెల్లవారుజాము దాకా ఉంటే తెల్లవారుజాము దాకా కూర్చునేవాడికే ఆట ఏమిటో తెలుస్తుంది. ఆ తెలియడానికి పాస్‌పోర్టు రంగుతో పని లేదు.

దీనికి మొదటి ఆక్షేపణ న్యాయమైనదే. బ్రౌనుకు ఉద్యోగమే ఇక్కడ, పరిశోధకులకు చదువే ఇది. వారానికి ఐదు రోజులు కంప్యూటరు ముందు కూర్చునే ఇరవై నాలుగేళ్ల పిల్లవాడు ఏళ్ల తరబడి ఎక్కడ ఉంటాడు? ఏళ్లు ఉండమని నేను అడగడం లేదు. అడిగేది ఒక రాత్రి. శనివారం పొద్దున బయలుదేరి చీకటి పడకముందే తిరిగి వెళ్లే ప్రయాణాన్ని ఆదివారం మధ్యాహ్నం దాకా పొడిగిస్తే చాలు. రామాయణం మొత్తం ఒక రాత్రిలో అయ్యేది కాదని ఆడేవాళ్లకూ తెలుసు. అందుకే సుందరకాండ, లక్ష్మణ మూర్ఛ, మైరావణ చరిత్ర అని విడివిడి ఘట్టాలుగా ఆడతారు. అందులో ఒక్క ఘట్టం రెండు మూడు గంటల్లో అయిపోతుంది. ముందుగా కథ ఎవరైనా నాలుగు ముక్కల్లో చెప్పి, అయిదారు బొమ్మల పేర్లు గుర్తుపట్టడం నేర్పితే తెలుగు రాని చెవికి కూడా హనుమంతుడు లంకలో దిగిన క్షణం అర్థమవుతుంది. ఊరి పిల్లలకు మాత్రం ద్విపదలోని ప్రతి మాటా తెలుసా? వాళ్లు కూడా దరువు బట్టి, రంగు బట్టి, పక్కన అవ్వ చెప్పే మాట బట్టి కథ పట్టుకుంటారు. పరాయి దేశపు పిల్లవాడు ఆ పిల్లల మధ్య చాప మీద కూర్చుంటే, వాళ్లు ఎక్కడ నుంచి మొదలుపెట్టారో తానూ అక్కడ నుంచే మొదలుపెడతాడు.

రెండో ఆక్షేపణ కడుపుకు సంబంధించింది, అందుకే దాన్ని ఇంకా జాగ్రత్తగా వినాలి. ఆట ఆడించే ఊళ్లు తగ్గిపోయాయి. ఈ కుటుంబాలకు అన్నం పెడుతున్నది దీపపు బుట్టలు, గోడబొమ్మలే. వాటిని కొనే పరదేశీయుణ్ణి నువ్వు ఎందుకు తప్పుపడతావు అంటారు. నేను తప్పుపట్టను. కొనే ప్రతి రూపాయికీ దండం పెడతాను. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు రావడం, హస్తకళల సంతల్లో వాటికి చోటు దక్కడం వల్లే ఎన్నో ఇళ్లలో పిల్లలు ఉలి వదలకుండా ఉన్నారు. అయితే సంత కొనేది చేతి పనిని మాత్రమే. ఈ కళలో చేయి సగం, గొంతు సగం. వేల పాదాల ద్విపద, ఏ పాత్రకు ఏ రాగం, ఏ అడుగుకు ఏ దరువు అనేది గొంతుతో వచ్చే విద్య. దానికి సంతలో ధర లేదు కాబట్టి తండ్రి నుంచి కొడుక్కు, తల్లి నుంచి కూతురికి పోయే ఆ సగం ముందుగా ఎండిపోతుంది. పాట పోయాక ఉలికి దారి చూపేది ఏమిటి? జాంబవంతుడు ఎలా నడుస్తాడో పాడి ఆడించినవాడికి బొమ్మ మోకాలు ఎక్కడ విరగాలో తెలుస్తుంది. పాడనివాడు మోకాలు అతికించి గోడకు తగిలించే బొమ్మ చేస్తాడు. ఒక్క రాత్రి ఆటకు టికెట్టు పెట్టి, ఆ డబ్బు ఆడినవాళ్ల చేతిలో పెడితే సంత ఇవ్వని ఆ సగానికి ధర దొరుకుతుంది. పొద్దున దీపపు బుట్ట ఎలాగూ కొంటారు. రాత్రి చూసినవాడు దాన్ని పేరుపెట్టి అడిగి కొంటాడు.

మూడో ఆక్షేపణ మనకే తగిలేది: ఊరి యువకులే కూర్చోవడం లేదు, పరదేశపు వాణ్ణి కూర్చోమనడం ఏమి న్యాయం? ఇక్కడ కరువు గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపులో వాన పడే నేల ఇది. దేశంలో తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటని పాఠాల్లో చెప్పుకునే నేల. శనక్కాయ పంట చేతికొస్తే ఊరు చందా వేసుకుని ఆట ఆడించేది. పంట ఎండితే ముందుగా ఆగిపోయేది ఆ చందానే. వానలు మొహం చాటేసినప్పుడు విరాటపర్వం ఆడిస్తే మేఘం కరుగుతుందని నమ్మి ఆడించిన ఊళ్లూ ఉన్నాయి. అంటే ఆట ఇక్కడ కాలక్షేపంగా మొదలవలేదు, బతుకుతో ముడిపడి ఉంది. ఆ బతుకే కదిలిపోయింది. పరదేశపు పిల్లలు ఈ మెట్ట మీదికి వచ్చే రోడ్డు మీదే, ఎదురుగా, ఈ మెట్ట పిల్లలు కూలికీ కొలువుకూ బెంగళూరు పోతున్నారు. వాళ్లకు సంస్కృతి మీద ప్రేమ లేదనడం అన్యాయం. వాళ్లకు రాత్రి లేదు, షిఫ్టు ఉంది. కాబట్టి ఇద్దరిలో ఎవరినీ వేలెత్తి చూపకుండా, ఇద్దరూ కలిసి కూర్చోగల శనివారం ఒకటి ఏర్పాటు చేయడమే దారి. సెలవుకు ఊరొచ్చిన కుర్రవాడు పక్కన కూర్చున్న పరదేశీయుడికి బంగారక్క మాట అర్థం చెబితే, ఆ చెప్పడంలో అతనికీ ఆట తిరిగి దక్కుతుంది.

ఇంకో ఆక్షేపణ చదువుకున్నవాళ్లది. బ్రౌను కంపెనీ కొలువులో ఉన్నవాడు. దొరల చూపులో అధికారం ఉంది. పరాయివాడు చూసి రాసినదాన్ని మనం మోయడం ఎందుకు అంటారు. అందులో నిజం ఉంది. ఈ నేల శిస్తు లెక్కలు కట్టిన దొరతనమే ఆ కొలువును ఇచ్చింది. కానీ వేమన పద్యం పాడినవాళ్లు మనవాళ్లు, బ్రౌనుకు అర్థం చెప్పిన పండితులు మనవాళ్లు, ఆ నిఘంటువును ఈనాటికీ తిరగేసేది మనమే. చూసేవాడి అధికారాన్ని తగ్గించే ఉపాయం అతణ్ణి చూడనివ్వకపోవడం కాదు, చూపించేవాడి మాటకు బలం ఇవ్వడం. నా ముందు ఆ బలం ఎప్పుడూ ఆడించేవాళ్లదే. ఎప్పుడు దీపం పెట్టాలో, ఏ ఘట్టం ఎంత సాగాలో, ఎక్కడ నవ్వించాలో వాళ్లే తేలుస్తారు. పగటి అంగట్లో బేరం కొనేవాడి చేతిలో ఉంటుంది, రాత్రి ఆటలో పగ్గం కళాకారుడి చేతిలో ఉంటుంది. పరదేశీయుణ్ణి రాత్రికి ఉండమనడంలో నాకు ఈ కారణం కూడా ముఖ్యమే.

ఇక మన వంతు. ఇండోనేషియాలో నాకు చుట్టాలు ఉన్నారు. అక్కడి వాయాంగ్ తోలుబొమ్మలకు 2003లోనే యునెస్కో గుర్తింపు వచ్చింది. అంతకంటే పెద్ద సంగతి, ఆ దేశ ప్రభుత్వం 1974 నుంచి దర్మసిస్వ అనే ఉపకారవేతనం ఇచ్చి పరదేశపు యువతను పిలిపించి, తమ భాషనూ కళలనూ నేర్పిస్తోంది. రండి, చూసి పొండి అనడానికి బదులు, ఉండి నేర్చుకోండి అంది. మన దగ్గర లేపాక్షి గుడికి దారి చూపే బోర్డులు ఉన్నాయి, నిమ్మలకుంటలో రాత్రి ఆట ఫలానా రోజున ఉందని చెప్పే బోర్డు ఉండాలి. నెలకు ఒక శనివారం, ఊరి మధ్య చోటు, చాపలు, తాగేందుకు నీళ్లు, పడుకోవడానికి నాలుగు గదులు, కథ చెప్పే ఒక మనిషి, ఆడినవాళ్లకు ఖాయమైన పారితోషికం. ఇందులో ఏదీ పంచాయతీకీ పర్యాటక శాఖకూ మోయలేని బరువు కాదు. బెంగళూరు కళాశాలలూ కంపెనీలూ తమ దగ్గరికి వచ్చిన పరదేశపు పిల్లలను ఏటా ఎక్కడికో ఒకచోటికి తీసుకుపోతూనే ఉంటాయి. ఆ బస్సు ఒక్కటి పొద్దు వాలాక కూడా ఇక్కడే ఆగి ఉండాలి.

నన్ను పెట్టెలోంచి తీసినప్పుడు మొదట జరిగేది ముళ్లు గుచ్చడం. రెండు పంచెల అంచులు కలిపి ఒక్కో ఈతముల్లూ జానెడు ఎడంగా దిగుతుంది. అంచులు కలిసిన చోట ఒక సన్నని గీత పడుతుంది గాని, దీపం వచ్చాక ఆ గీత ఎవరికీ కనబడదు. పొద్దుగూకే వేళకు రండి. ఆ ముళ్లలో నాలుగు మీరు కూడా గుచ్చండి, ఆపైన ముందుకు వచ్చి పిల్లల పక్కన చాప మీద కూర్చోండి. వెనక దీపం వెలిగిస్తారు.